పన్నెండు రోజుల తేడా

రియాద్‌లో నేను పనిచేసే ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే పెద్ద హాల్లో, ఉప్పునీటి చేపల తొట్టి ఒకటి ఉంది. ఏసీలు, మోటార్లతో పాటు దాన్ని చూసుకోవడం కూడా నా పనే. రంజాన్ నెలకి దాదాపు రెండు నెలల ముందు కొత్తగా తెచ్చిన ఒక చేప వెంట తెల్లచుక్కల జబ్బు వచ్చింది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు. వారం తిరిగేసరికి పదకొండింటిలో నాలుగు పోయాయి.

నేను చదివింది పదో తరగతి. మిగతాదంతా ఫోన్లో చూసి, నోటుపుస్తకంలో రాసుకుని నేర్చుకున్నాను. నాకు అర్థమైనంతవరకు ఆ చుక్క ఒక పురుగు. కొన్నాళ్ళు చేపను తిని, రాలిపడి, అడుగున గుడ్డులా ముడుచుకుంటుంది. అది పగిలి పిల్లలు బయటికి రావడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. ఆలోపే చేపను వేరే నీళ్ళలోకి మార్చేస్తే పురుగు వెనకే ఉండిపోతుంది. అందుకని స్టోర్‌రూంలో రెండు టబ్బులు పెట్టి, మూడేసి రోజులకోసారి నాలుగు సార్లు మార్చాను. పన్నెండు రోజులు. మార్చినప్పుడల్లా పాత టబ్బు కడిగి మిద్దె మీద ఎండబెట్టాను. మజ్లిస్‌లో తొట్టి మాత్రం చేపలు లేకుండా డెబ్బై ఆరు రోజులు ఉండాలి. తినడానికి ఏమీ దొరక్క అక్కడి పురుగు చావాలి.

ఇంటి యజమానిని మేమంతా బాబా అంటాం. పండగకి ఆయన అక్కచెల్లెళ్ళు వస్తారు. అప్పటికి చేపలు తొట్టిలో ఉంటాయా అని అడిగాడు. నెలవంకను బట్టి పండగ డెబ్బై ఏడో రోజో, డెబ్బై ఎనిమిదో రోజో. ఉంటాయన్నాను.

డెబ్బయ్యో రోజున, రోజూ ఉప్పు కొలిచి రాసుకునే నోటుపుస్తకం మొదటినుంచి తిరగేశాను. తొట్టిలో ఉప్పు మొదటి పన్నెండు రోజుల్లో మూడు రోజులకొక గీత చొప్పున పెరిగి, తర్వాత ఆగిపోయింది. అప్పట్లో కొలిచే పరికరానికి మురికి పట్టిందనుకుని తుడిచి ఊరుకున్నాను. ఈ ఊరి గాలికి తొట్టిలో నీళ్ళు రోజూ తగ్గుతాయి, తగ్గినంత మంచినీళ్ళు పోస్తాం. ఉప్పునీళ్ళు పోస్తే తప్ప ఉప్పు పెరగడానికి వీల్లేదు. పోసేది వంటచేసే ఆమె, కడప వైపు మనిషి. ఇంటికి వెళ్ళి మూడేళ్ళయింది. పండగ కాగానే కూతురి కాన్పుకి వెళ్ళాలి. బాబా తన ఫోన్లో నొక్కితేనే ఖురూజ్, అంటే దేశం దాటే అనుమతి, వస్తుంది.

వంటింట్లో సమోసాలు మడుస్తోంది.

“చెల్లె, టబ్బులు మార్చినప్పుడల్లా పాత నీళ్ళు మోరీల పొయ్యమన్న గదా. పోసినవా?”

“అన్నీ యాడ పోచ్చానన్నా? ఒక బకెట్ పెద్దతొట్లో పోసినా. తగ్గింటే.”

“నాలుగు సార్లా?”

“నాలుగు సార్లూ. అన్ని నీళ్ళు పారబోయాలంటే చెయ్యెట్లొచ్చాది? మా ఊర్లో బియ్యం కడిగిన నీళ్ళు గూడా చెట్టుకే పోచ్చాం. నీకేం, గోదారి పక్కన పుట్టినోడివి!”

పురుగు సంగతి నేనామెకు చెప్పలేదు. పారబోయమన్నాను, అంతే. ఆ పాత నీళ్ళతో పురుగు మళ్ళీ పెద్దతొట్టిలో పడి ఉంటుందని ఇప్పుడు చెప్పాను.

“పన్నెండో రోజు కాడికెల్లి మళ్ళ లెక్క వెట్టాలె. ఎనభై ఎనిమిది అయితది. పండుగకు చేపలుండయి.”

ఆమె చేతిలోది పళ్ళెంలో పెట్టేసింది. “బాబాకు చెప్తావా అన్నా?”

పోయినేడాది కారుకి గీత పడిందని బాబా డ్రైవర్ సెలవు ఆరునెలలు వెనక్కి జరిపాడు. అది మా ఇద్దరికీ తెలుసు. అనుకున్న రోజుకే చేపల్ని వదిలేయడం ఇంకో దారి. ఒక్క పురుగు మిగిలి ఉన్నా ఏడూ పోతాయి.

సాయంత్రం ఉపవాసం విడిచాక బాబా దగ్గరికి వెళ్ళాను. నా లెక్క తప్పింది, పన్నెండు రోజులు తక్కువ పట్టాను అన్నాను.

“హిసాబ్ గలత్? నీదా?” అని నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపేశాడు. “ఇన్నేళ్ళూ నువ్వు చెప్పిన ప్రతి అంకె చూడకుండా నమ్మాను” అన్నాడు, ఎప్పటిలాగే సగం అరబ్బీలో, సగం హిందీలో.

పండగకి అక్కచెల్లెళ్ళు వచ్చారు. “ఏంటి, నీళ్ళను పెంచుతున్నావా?” అని పెద్దక్క అడిగింది. “మా ఇంజినీర్‌ని అడుగు” అని బాబా నన్ను చూపించాడు. అందరూ నవ్వారు. ఖర్జూరాల పళ్ళెంతో వచ్చిన వంటామె తలెత్తకుండా అది పెట్టి వెళ్ళిపోయింది.

పండగ మూడో రోజున ఆమెకు ఖురూజ్ వచ్చింది. ఎనభై ఎనిమిది నిండాక ఏడు చేపల్నీ తొట్టిలో వదిలాను. మళ్ళీ చుక్క కనబడలేదు.

అప్పటినుంచి నీళ్ళ మీటరైనా, ట్యాంకు మట్టమైనా నేను అంకె చెప్పాక బాబా లేచి వెళ్ళి తనే చూసి వస్తాడు. ఆయన వచ్చేదాకా నేను అక్కడే నిలబడతాను.