సున్నం గోడ ముందు మీటరు ముల్లు

పెద్దమ్మ ఫోటో రెండుసార్లు వాపసు వచ్చింది. మొదటిసారి ముఖం కనబడలేదని, రెండోసారి ముఖం ఆమెది కాదని.

అప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాను. ఎనభైల మొదటి రోజులు. మా ఇల్లు హనుమకొండ సుబేదారిలో. పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, తొర్రూరు దగ్గర ఒక పల్లెలో ఉండేది. ఉన్న కొద్దిపాటి చెలకలో పత్తి వేసేవాళ్లు, మిగతా రోజుల్లో కూలికి పోయేది. ఆ ఏడు ఆ పల్లెకు బాల్వాడి మంజూరైంది. ఆయా పనికి దరఖాస్తు పెట్టుకొమ్మని ఊరివాళ్లే ఆమెకు చెప్పారు. ఐదో తరగతి దాకా చదివింది. పైగా చుట్టుపక్కల పిల్లలంతా ఎప్పుడూ ఆమె అరుగు మీదనే ఉండేవాళ్లు. అప్పటికే నడుము నొప్పితో వంగి పత్తి ఏరడం కష్టమవుతోంది. "నీడపట్టున పని. గిది దొరికితె నా నడుము బతుకుతదే" అని మా అమ్మతో అంది.

దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు మూడు జతచేయాలి. దరఖాస్తులు తీసుకునే ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉంది. రెండోసారి కూడా వాపసు చేశాక ఆమె అక్కడినుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి, జరిగింది చెప్పింది.

"మొదలు తొర్రూరుల దిగిన ఫోటో ఇచ్చిన. ఆ క్లర్కు సారు ఇట్ల తిప్పి అట్ల తిప్పి, 'అమ్మా, చీర కనవడుతాంది, ముక్కుపుల్ల కనవడుతాంది, నువ్వేడున్నవ్?' అన్నడు. మల్ల పోయి స్టూడియాయనను అడిగితె, 'నీ రంగుకు గంతే వస్తది, పెన్సిల్ టచింగ్ చేసిస్త తీ' అన్నడు. చేసిచ్చిండు. గది పట్టుకపోతె ఇయ్యాల ఏమన్నడు తెలుసా? 'ఇది నీ బిడ్డదా?' అన్నడు."

మా అమ్మ నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది కానీ, ఫోటోలను కొంగున ముడేసుకుంటూ తల ఎత్తలేదు. దరఖాస్తులకు ఆఖరి రోజు వచ్చే శుక్రవారం.

"నేను తీస్త పెద్దమ్మా" అన్నాను.

నా దగ్గర కెమెరా ఉంది. కాలేజీలో చదువు ముగించి వెళ్లిపోయిన ఒక సీనియర్ దగ్గర తీసుకున్న జపాన్ ఎస్సెల్లార్. అది చేతికొచ్చిన రోజే నోటుబుక్కు మొదటి పేజీలో దాని గుణాలన్నీ వరుస నంబర్లతో రాసుకున్నాను. ఒకటి, మామూలు పెట్టె కెమెరాలో చూసే కిటికీ వేరు, తీసే లెన్సు వేరు. ఇందులో లెన్సులోంచి వచ్చిన వెలుగే లోపలి అద్దం మీద పడి నా కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి ఫిల్ముకు దారిస్తుంది. కనుక నేను చూసిందే ఫిల్మూ చూస్తుంది. రెండు, షట్టరు ఒక సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు దాకా పనిచేస్తుంది. మూడు, యాభై మిల్లీమీటర్ల లెన్సు, మనిషికి జానెడున్నర దూరం దాకా వెళ్లినా ఫోకస్ కుదురుతుంది. నాలుగు, లెన్సు పక్కన ఒక చిన్న మీట. నొక్కితే చూసే దృశ్యం చీకటవుతుంది కానీ, ఏది స్పష్టంగా వస్తుందో ఏది మసకబారుతుందో తీయకముందే తెలుస్తుంది. నా స్నేహితులు దాన్ని పాడైన భాగమనుకునేవాళ్లు. ఐదోది మీటరు. లెన్సులోంచి వచ్చే వెలుగును కొలిచి, పక్కన ఒక సన్నని ముల్లును పైకో కిందికో కదిలిస్తుంది. లెన్సు కంతను, షట్టరు వేగాన్ని సర్ది ముల్లును గీతకు తెస్తే చాలు. ఐదోదాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను. అన్నిటికన్నా నేను నమ్మింది దాన్నే.

ఆ సాయంత్రమే పెద్దమ్మకు ఒక చీటీ రాసిచ్చి పంపాను. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వస్తాను. ముఖానికి నూనె రాయొద్దు. ఇంటి ముందు గోడ దగ్గరే తీస్తాను, ఆ వేళకు అక్కడ నీడ ఉంటుంది. వెనక గోడ సాఫ్ ఉండాలి. ఈ నాలుగూ నంబర్లు వేసి రాశాను. సాఫ్ అంటే నా ఉద్దేశం, మేకులకు చాటలు, జల్లెడ, క్యాలెండర్ వేలాడకూడదని.

ఆదివారం నేను బస్సు దిగి నడిచి వెళ్లేసరికి వాకిట్లో తడి సున్నం వాసన గుప్పుమంది. గోడ తెల్లగా మెరుస్తోంది. పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు, మోచేతుల దాకా సున్నం మరకలతో అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు.

"సాఫ్ అన్నవ్ గద, నిన్న పొద్దుగాల మొదలుపెట్టిన. రెండు కోట్లు ఏసిన. నీలిమందు గుడ కలిపిన. సూడు, కండ్లు జిగేల్మంటానయ్."

"గింత ఎందుకు పెద్దబాపు?"

"మల్ల మూడోసారి గుడ వాపసిస్తె? ఈసారి గోడ మీద వంక పెట్టనియ్య."

పెద్దమ్మ తెల్లచీర కట్టుకుని గోడ ముందు నిలబడింది. నిజం చెప్పాలంటే నాకు కూడా సంతోషమే వేసింది. పుస్తకాల్లో రాసినట్టు వెనకాల ఏ గజిబిజీ లేదు. నీడ మెత్తగా ఉంది. మీటరు ముల్లును గీత మీదికి తెచ్చాను. సెకనులో నూట ఇరవై ఐదో వంతు, కంత పదకొండు. ఎనిమిది ఫ్రేములు తీసి, ఎనిమిదింటి కొలతలూ నోటుబుక్కులో రాసుకున్నాను.

"గోడకు గుడ ఒకటి తీయ్‌రా, గింత కష్టపడ్డ" అన్నాడు పెద్దబాపు.

సోమవారం కాలేజీ చీకటి గదిలో ఫిల్ము కడిగి వెలుతురుకు పట్టుకుని చూశాను. నెగటివ్‌లో పెద్దమ్మ ముఖం ఉండాల్సిన చోట గాజుముక్కలాగా ఖాళీగా ఉంది. అక్కడ వెలుగు గీసింది దాదాపు ఏమీ లేదు. అయినా రకరకాలుగా ప్రింటు వేశాను. తక్కువ వెలుగిచ్చి తెల్లబరిస్తే కళ్లూ ముక్కూ కలిసిపోయిన మసక ముద్ద వచ్చింది. ఎక్కువిస్తే మళ్లీ ముక్కుపుల్లే. ఫిల్ము మీద లేనిదాన్ని కాగితం మీదికి తేలేం.

తప్పు ఎక్కడుందో వెతకడానికి జాబితా రాశాను. ఫిల్ము కడిగే మందు చల్లబడిందా? లేదు, ఉష్ణోగ్రత కొలిచాను. ఫిల్ము పాతదా? అదే రోలులో బస్టాండు ఫోటోలు శుభ్రంగా వచ్చాయి. షట్టరు, లెన్సు కూడా అందుకే నిర్దోషులు. ఒక్కొక్కటే కొట్టేశాక జాబితాలో ఏమీ మిగల్లేదు. తొర్రూరు స్టూడియో ఆయన మాటే నిజమేమో అనే అనుమానం ఒక్క క్షణం నాకూ వచ్చింది. దాన్ని మాత్రం రాయలేదు.

మంగళవారం ఒక ప్రింటు, కెమెరా, కొత్త రోలు సంచిలో వేసుకుని మళ్లీ వెళ్లాను. కొత్తగా ఏం చేయాలో తెలియదు. శుక్రవారానికి మూడు రోజులే ఉన్నాయి కాబట్టి వెళ్లాను.

పెద్దమ్మ ప్రింటు చూసి తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"నా మొకమే గసొంటిది బిడ్డా. నువ్వేం చేస్తవ్, కెమెరా ఏం చేస్తది. ఇగ నేను దిగ. ఆ పని వేరెటోళ్లకు రాసిపెట్టినట్టుంది."

ఇంతలో పెద్దబాపు ప్రింటు లాక్కుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఆమె సంగతి తర్వాత. నా సున్నమేమాయెరా? పాలోలె ఉన్న గోడను బూడిదోలె చేసినవ్!"

"ఇంట్ల నేనొకటి ఏడుస్తాంటె నీకు గోడ ఫికరయిందా? నీ గోడకు కొలువిస్తరా ఆ సార్లు?" అంది పెద్దమ్మ.

"గట్ల గాదే, సూడు! రెండు కోట్లు! నీలిమందు!"

నేను ప్రింటు తీసుకుని గోడ పక్కన పెట్టి చూశాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఫోటోలో గోడ తెల్లగా లేదు. పొయ్యిలోని బూడిద రంగులో ఉంది. నిన్నటినుంచి ఆ ప్రింటును చూస్తూ నేను ముఖం ఒక్కటే చూశాను. గోడను చూసినవాడు, దానికి సున్నం వేసినవాడొక్కడే.

మీటరుకు తను చూస్తున్నది ఏమిటో తెలియదు. లెన్సు ముందు ఏమున్నా అది తెలుపుకూ నలుపుకూ నడుమనున్న బూడిద రంగేనని లెక్కవేసుకుని ముల్లును కదుపుతుంది. సున్నం గోడ, తెల్లచీర చూపిస్తే, ఈ బూడిద మరీ వెలిగిపోతోందని వెలుగును తగ్గించమంటుంది. తగ్గిస్తే గోడ బూడిదవుతుంది, ముఖం చీకట్లోకి పోతుంది. ఈ సంగతి లైబ్రరీ పుస్తకంలో చదివి, నోటుబుక్కులో ఎక్కించి, కింద గీత కూడా గీశాను. సున్నం గోడ ముందు నిలబడినప్పుడు గుర్తు రాలేదు.

"పెద్దమ్మా, తప్పు నీ మొఖానిది గాదు. నాది. ఇంకొక్కసారి."

"ఇద్దరు తీసిండ్రు. ఇద్దరికి ఒక్కతీర్గనే వచ్చింది. ఇంకేం చూస్తవ్?"

చెబితే నమ్మదని అర్థమైంది. కెమెరాను ఆమె చేతుల్లోనే పెట్టి, కన్ను ఎక్కడ ఆనించాలో చూపించాను. "పక్కన సన్నటి ముల్లు కనవడుతాందా? గోడ దిక్కు చూడు."

"ఆ. మీదికి పోయింది."

"ఇప్పుడు పెద్దబాపు దిక్కు తిప్పు. దగ్గరికి పో. ఇంకా. మొఖమే కనవడాలె."

పెద్దబాపు చుట్ట తీసి గంభీరంగా నిటారుగా కూర్చున్నాడు. పెద్దమ్మ కెమెరాతో ఆయన ముక్కు దాకా వెళ్లింది. మరుక్షణమే నవ్వడం మొదలుపెట్టింది.

"అయ్యో, పడిపోయిందయ్యా! నిన్ను చూసి ముల్లు దభీమని కింద పడిపోయింది!"

"నిన్ను చూస్తె మిషనే పలుగుతది, తే ఇటు" అన్నాడాయన.

ఆమె ఆగలేదు. మళ్లీ గోడను చూసింది, మళ్లీ ఆయనను చూసింది, వాకిట్లో ఉన్న బర్రెను చూసింది. "బర్రెకూ నీకూ ఎక్కువ తేడా లేదు" అని ప్రకటించింది. తర్వాత కెమెరా నాకిస్తూ నెమ్మదిగా అడిగింది: "అంటె గిది మనిషి రంగు చూస్తదా బిడ్డా?"

"రంగు చూడదు. వెలుగు చూస్తది. మనం ఏది చూపిస్తె దాన్నే కొలుస్తది. మొన్న నేను నిన్ను చూపియ్యలె, గోడను చూపిచ్చిన."

ఆమె వెళ్లి గోడ ముందు నిలబడింది.

ఈసారి జానెడున్నర దూరం దాకా వెళ్లి, ఆమె ముఖం తప్ప మరేమీ కనబడకుండా కొలిచాను. ఆదివారంలాంటి నీడే. అదే వేగానికి కంత నాలుగు చూపించింది. మొన్న పదకొండు. ఈ అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దది. పదకొండు, ఎనిమిది, ఐదు పాయింట్ ఆరు, నాలుగు: మూడు మెట్ల తేడా. ఒక్కో మెట్టుకూ వెలుగు రెట్టింపవుతుంది కాబట్టి, ముఖం అడిగిన వెలుగులో ఎనిమిదో వంతే మొన్న నేనిచ్చాను.

నాలుగు దగ్గరే నొక్కేయబోయి ఆగాను. మీటరు గోడను బూడిద చేసినట్టే ఈ ముఖాన్నీ బూడిద చేయాలని చూస్తుంది. గోడను నల్లబరిచింది, ముఖాన్ని తెల్లబరుస్తుంది. అలా తీస్తే ఆ క్లర్కు మళ్లీ "ఇది నీ బిడ్డదా?" అంటాడు. పెద్దమ్మ రంగు పెద్దమ్మకు ఉండాలి. అందుకని ఒక మెట్టు కంత మూసి, ఐదు పాయింట్ ఆరుకు తెచ్చాను. అక్కడినుంచి వెనక్కి వచ్చి, ముల్లు ఎంత ఎగిరినా లెక్కచేయకుండా తీశాను. నోటుబుక్కులో మొదటిసారి, మీటరు చెప్పింది ఒక గడిలో, నేను ఇచ్చింది ఇంకో గడిలో రాశాను.

"అయిపోయిందా? నా గోడ ఈసారన్న తెల్లగొస్తదా?" అన్నాడు పెద్దబాపు.

"వస్తది."

"నోరు మూసుకోమను, నవ్వస్తాంది నాకు" అంది పెద్దమ్మ. ఆ నవ్వు పూర్తిగా పోకముందే ఇంకో రెండు ఫ్రేములు తీశాను.

బుధవారం ఫిల్ము కడిగితే, ముఖమున్న చోట సన్నని గీతలన్నీ ఉన్నాయి. గురువారం ప్రింట్లు వేశాను. మందు నీళ్లలో కాగితం మీద మొదట జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత చెంపల గుండ్రం ఒక్కొక్కటే తేలాయి. గోడ మాత్రం తేలనే లేదు, కాగితం ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే పెద్దమ్మ మొదటి బస్సుకు వచ్చింది. ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. చాలాసేపు చూసింది.

"కనుబొమ్మ మీది మచ్చ గుడ వచ్చింది. చిన్నప్పుడు బాయి గిలక తాకి పడ్డది."

"వద్దంటె కనవడకుంట చేస్త."

"ఎందుకు? ఉండనీ. నాదే గద."

ఇద్దరం ఆఫీసుకు నడిచాం. ఆఖరి రోజు కావడంతో కిటికీ ముందు వరుస పొడుగ్గా ఉంది. పెద్దమ్మ దరఖాస్తును రెండు చేతులతో పట్టుకుని, ఫోటోలున్న కవరును నన్ను పట్టుకోనివ్వలేదు. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. క్లర్కు ఆమెను గుర్తుపట్టి నిట్టూర్చాడు. కవరులోంచి ఫోటో తీసి చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ ఫోటో చూశాడు.

"ఇగో, ఇది నువ్వు. ఎవరు తీసిండ్రమ్మా?"

"మా చెల్లె కొడుకు. ఇగో ఈడనే ఉన్నడు. తీసింది ఆయన, సున్నమేసింది మా ఇంటాయన, దిగింది మాత్రం నేనే."

సున్నం సంగతి ఆయనకు అర్థం కాలేదు, కానీ నవ్వాడు. గోందు సీసాలో పుల్ల ముంచి ఫోటో అంటించాడు. దాని మీద ఆఫీసు ముద్ర కొట్టాలి. ఇంకు పలకకు అద్ది ముద్ర ఎత్తగానే, పెద్దమ్మ కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి పెట్టింది.

"సారూ, జర మొకం మీద పడకుంట కొట్టు."

ఆయన ముద్రను పక్కకు జరిపి, సగం కాగితం మీద, సగం చీర అంచు మీద పడేటట్టు కొట్టాడు. కాగితాల కట్ట పైన ఆమె దరఖాస్తు పెట్టి, "ఇంటర్వ్యూకు కార్డొస్తది. నువ్వే రావాలె" అన్నాడు.

"నేనే వస్త" అంది పెద్దమ్మ.