బట్టమేకకు సరిపోయే లెన్సు

నేను పట్నం ప్రయాణం కట్టడానికి కారణం ఒక ఈగ.

1963 ఆగస్టు మొదటి వారంలో ఝరాసంగం పోయే దారిలో, కంది చేలో బట్టమేకను చూశాను. పేరులో మేక ఉన్నా అది పిట్ట. మనిషి నడుమెత్తు ఉంటుంది, అలికిడైతే ఫర్లాంగు అవతలికి పోతుంది. నా డబ్బా కెమెరాతో తీసిన ఫోటోను తమ్ముడు నర్సింలు వెలుతురుకు పెట్టి చూసి, "అక్కా, ఫోటో మీద ఈగ వాలింది" అన్నాడు. గోటితో గీకి కూడా చూశాడు. ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్న నా మాట నమ్మనివాడు వాడొక్కడే. కంది నడుము దాటితే పిట్ట ఇక కనబడదు. ఆలోపు దాన్ని వాడి కళ్ల ముందు పెట్టాలి.

ఆగస్టు 17, శనివారం ఉదయం 6-40కి జహీరాబాద్‌లో బండెక్కాను. మూడో తరగతి టికెట్టు, రెండు రూపాయల డెబ్బై నయా పైసలు. వికారాబాద్‌లో రెండు ఇడ్లీలు తిన్నాను. మీరు తినకండి. 11-15కి నాంపల్లి చేరాల్సిన బండి 12-05కి చేరింది. ఎందుకని గార్డును అడిగితే నావైపు జాలిగా చూశాడు.

ఆబిడ్స్ వెనక సందులో పాత కెమెరాల దుకాణం ఉంది. యజమాని మర్యాదస్తుడు, నా చేతిలోని డబ్బా కెమెరా చూసి ముందు చాయ్ తెప్పించాడు.

"ఏం ఫోటో దీస్తరమ్మా?"

"బట్టమేకది. దూరంనుంచి తీసే లెన్సు కావాలె."

"మేకకు దూరపు లెన్సెందుకమ్మా? తాడేసి కడితే మీ డబ్బాల్నే పడతది గద!" అని ఒక పొట్టి లెన్సు ముందు పెట్టాడు. మేక ముఖానికి బ్రహ్మాండంగా ఉంటుందట.

అది పిట్ట అని చెప్పాను. ఆయన నమ్మలేదు. లేచి నిలబడి, మెడ నిక్కించి, చేతులు వెనక్కి పెట్టి నాలుగడుగులు నడిచి చూపించాను. వీధిలో ఇద్దరు ఆగారు.

"పిట్టకు మేక పేరెవరు పెట్టిన్రమ్మా?"

"నన్నడిగి పెట్టలే."

అప్పుడు లోపలినుంచి మూరెడు లెన్సు, దానికి తగిన జర్మనీ కెమెరా తెచ్చాడు. గుమ్మంలో నిలబడి చూస్తే, వీధి అవతల మంగలి దుకాణంలో కూర్చున్నవాడి గడ్డం సగం గీసినట్టు స్పష్టంగా కనిపించింది. నా డబ్బా కెమెరా ఆయనకిచ్చి, పైన ఎనిమిది వందల ఇరవై ఐదు చెల్లించాను.

"నొక్కంగనే లోపల చీకటైతది, ఘాబ్రా పడొద్దు. మీట తిప్పితె మళ్ల ఎలుతురొస్తది" అని ఆయన రెండుసార్లు చెప్పాడు. నాకు ఒకసారి చెప్తే చాలన్నాను.

ఆ రాత్రి స్టేషన్ దగ్గరి సత్రంలో పడుకుని, ఆదివారం 7-10 బండికి తిరుగుముఖం పట్టాను. ఎదుటి బల్ల మీద రాయికోడ్ ఊరామె, సంగమ్మ, కూర్చుంది. కూతురి కాన్పు చూసి పోతోంది. నా ఒడిలోని లెన్సును వికారాబాద్ దాకా ఓర్చుకుని చూసింది.

"గది తోపా అక్కా?"

"ఫోటోలు దీసేదే."

"గంత పెద్దదైతే ఊరంత పడతదేమొ!"

"పడది. నీ ముక్కొక్కటే పడతది."

ముక్కు చీరకొంగుతో కప్పుకుని నవ్వింది.

11-20కి కోహీర్ ఇంకా రాకముందే సిగ్నల్ లేక బండి ఆగింది. కుడివైపు నూటయాభై గజాల దూరంలో బట్టమేక! మెడ కింద తెల్లసంచి ఊది, తోక పైకెత్తి, పెళ్లిలో పెద్దపీట దొరికిన పటేలులా నిలబడి ఉంది. వాకిలి దగ్గరికి ఉరికాను. పడిపోతానని సంగమ్మ వెనకనుంచి నడుము పట్టుకుంది. నొక్కాను. అంతా చీకటి.

"పోయింది! కెమెరా పోయింది!" అని అరిచాను.

"కన్ను జర పక్కకు దీసి సూడక్కా, పిట్ట ఆడనే ఉన్నది."

దుకాణదారుడి మాట అప్పుడు గుర్తొచ్చింది. మీట తిప్పాను, వెలుతురొచ్చింది. ఇంకో రెండు తీశాను. ఒంటరి మనిషిని చూసి పారిపోయే ఆ పిట్ట, ఇన్ని వందలమంది అరుస్తున్న రైలును మాత్రం లెక్కే చేయలేదు. కాబట్టి నా వెనక వెళ్లేవారు చేలో పాకకండి. వికారాబాద్‌లో టికెట్టు కొనుక్కుని కుడి కిటికీ దగ్గర కూర్చోండి; ఎండ కూడా వెనకనుంచి పడుతుంది.

ఫోటోలు పది రోజులకు కడిగి వచ్చాయి. ఈకకు ఈక లెక్కపెట్టవచ్చు. నర్సింలు చాలాసేపు చూశాడు.

"ఇంత దగ్గర్కి పోనిచ్చిందంటే అది ఎవలదో పెంచిన సీమకోడక్కా" అన్నాడు.

మరుసటి ఆదివారం వాణ్ణి వెంటబెట్టుకుని వికారాబాద్ పోయి, అదే బండికి తిరిగి వచ్చాను. కుడి కిటికీ వాడికే ఇచ్చాను. కోహీర్ ముందు బండి నెమ్మదించింది. చేలో పిట్ట ఉంది. నర్సింలు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపుదామని చెయ్యెత్తాను. అంతలో పిట్ట మెడ ఊదడం మొదలుపెట్టింది.

చెయ్యి కెమెరా మీదికి పోయింది.