హీరోగారి పన్ను, మా ఊరి అలక

మా ఆయన ఆ రోజు అన్నం ముట్టలేదు. నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు కూడా మారు చారు పోయించుకుని తిన్న మనిషి, కంచం ముందు కూర్చుని నేలచూపులు చూస్తున్నారు. ఎవరు పోయారోనని కంగారుపడ్డాను. నాలుగుసార్లు అడిగితే అప్పుడు నోరు విప్పారు. మద్రాసులో హీరోగారి ఇంటి మీద ఇన్‌కంటాక్సువాళ్ళు పడ్డారట. బెజవాడ నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన పేపర్లో వేశారట. హమ్మయ్య, మనవాళ్ళెవరూ కాదు కదా అని నా కంచంలో నేను మజ్జిగ పోసుకున్నాను. ఆయన నన్నొక చూపు చూశారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను అంత కోపంగా చూడటం అదే మొదలు.

డెబ్బైల నడుమ సంగతి ఇది. అప్పట్లో తిరువూరు పంచాయతీలో మా ఆయన బిల్లు కలెక్టరు. ఇంటింటికీ తిరిగి ఇంటిపన్ను అడగడం, ఇస్తే రసీదు రాయడం, ఇవ్వకపోతే మళ్ళీ అడగడం. నాలుగేళ్ళయినా ఉద్యోగం టెంపరరీయే. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మార్చి ఆఖరుకి ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా బాకీ లేకుండా వసూలైతే పర్మినెంటు చెయ్యమని పైకి రాస్తానన్నాడు. కాకపోతే ఏప్రిల్ నుంచి ఇంకో మనిషిని పెట్టుకుంటానన్నాడు. పర్మినెంటు అయితే మేం మనుషుల్లో పడతాం. కాకపోతే గంపలగూడెం వెళ్ళి మా మామగారి కౌలు పొలంలో పత్తి ఏరుకోవాలి. నాకు నడుం వంగే రకం పని ముందునుంచీ పడదు. నోటితో చేసే పనులైతే ఎన్నైనా చేస్తాను.

ఇంతకీ హీరోగారు. మా ఊరి అభిమాన సంఘానికి అధ్యక్షుడు బస్టాండు దగ్గర టైలరు. సాయిబే అయినా మా ఆయన్ని నోరారా అన్నా అనీ, నన్ను వదినా అనీ పిలిచేవాడు. ఏ సినిమాలో హీరోగారు ఎలాంటి కాలరు తొడిగితే వారం తిరక్కుండా ఊళ్ళో కుర్రకారుకి అదే కాలరు కుట్టేవాడు. కటౌటుకి హారతి పట్టేది మా ఆయన. ఇంట్లో దేవుడికి హారతివ్వమంటే మాత్రం చెయ్యి కాలుతుందనేవారు.

రైడు వార్త రాగానే ఊరంతా సిగ్గుపడుతుందేమోనని నేను అనుకున్నాను. నా అమాయకత్వం. టైలరు కొట్టు ముందు జనం చేరి, హీరోగారి ఇంట్లో ఏం దొరికిందో పోటీలు పడి చెప్పుకున్నారు. పొద్దున పరుపులో నోట్లు అన్నారు. మధ్యాహ్నానికి గోడల్లో బంగారం ఇటుకలు అన్నారు. సాయంత్రానికి స్నానాలగది కప్పు విప్పితే వజ్రాలు రాలాయన్నారు. దొరికింది పెరిగేకొద్దీ చెప్పేవాళ్ళ ఛాతీ కూడా పెరిగింది. ఇంత సంపాదించిన మనిషి ప్రభుత్వానికి ఇవ్వకపోతే ఏం పోయిందండీ, వాళ్ళేమైనా ఆయన బదులు ఫైటింగులు చేశారా అని ఒకాయన న్యాయం చెప్పాడు. ఆ చెప్పినాయన, రేషన్ షాపువాడు తనకి కిరసనాయిలు ఒక చుక్క తక్కువ పోస్తే పెట్రోమాక్సు దీపమంత మండిపడే మనిషి.

ఇక రెండో హీరో అభిమానులున్నారు చూడండి, వాళ్ళ ఏడుపు ఇంకో రకం. తమ హీరో ఇంటి మీద రైడు ఎందుకు చెయ్యలేదని వాళ్ళకి తలకొట్టేసినట్టయింది. ఆయనకి మాత్రం దాచుకునే సత్తా లేదా, వెతికితే ఆయనింట్లో ఇంతకు రెట్టింపు దొరుకుతుందని కాఫీ హోటల్లో బల్ల గుద్ది పందాలు కాశారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు పెద్దలు. మా ఊళ్ళో దొరికినా దొరే, దొరక్కపోతే నామర్దా.

ఇంతవరకూ నాకు నవ్వులాటగానే ఉంది. మర్నాడు మా ఆయన రసీదు పుస్తకం చంకన పెట్టుకుని బజారుకి వెళ్ళారు, ఖాళీ చేతులతో వచ్చారు. ఏమైందని అడిగితే, జనం అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. మద్రాసులో రైడు చేసిన టాక్సువాళ్ళూ, తిరువూరులో ఇంటిపన్ను అడిగే మా ఆయనా ఒకటేనట. టాక్సు టాక్సేగా అన్నారట. ముందు హీరోగారిని వదిలిపెట్టమని మీ పైవాళ్ళకి చెప్పండి, అప్పుడు కడతామన్నారట. మా ఆయన పైవాడు పంచాయతీ ఆఫీసులో విరిగిన కుర్చీకి తాడు కట్టుకుని కూర్చునే ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు. ఆ మనిషి మాటకి పంచాయతీ కుళాయే తిరగదు, మద్రాసులో ఇన్‌కంటాక్సు తిరుగుతుందా?

చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినట్టు, దసరా నుంచి ఊళ్ళో సగంమంది పన్ను కట్టడం మానేశారు. మిగతా సగం, వాళ్ళు కట్టనప్పుడు మాకేం ఖర్మ అని మానేశారు. మంగలి రేపు రమ్మన్నాడు. కాఫీ హోటల్లో మా ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు గ్లాసు తీసుకుని లేచి వెళ్ళేవాళ్ళు. అన్నిటికన్నా ఆయన్ని కోసింది వేరే. టైలరు స్వయంగా ఇంటికొచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఏమనుకోకు అన్నా. టాక్సు మనిషి సంఘంలో ఉంటే కుర్రాళ్ళు ఒప్పుకోవట్లేదు" అని చెప్పి తల వంచుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన గోడకున్న హీరోగారి ఫోటోని తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ తగిలించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఫోటోని పొయ్యిలో పెడదామనిపించింది గానీ, మొగుడి ముఖం చూసి ఊరుకున్నాను.

మా ఎదురింటి సంగతి చెప్పాలి. రెండంతస్తుల మేడ, కిందా మీదా కలిపి పన్నెండు గదులు. పెద్ద కమతం వాళ్ళది. వాళ్ళ మామగారి కాలంలో అక్కడ ఉన్న పశువుల కొట్టానికి వేసిన పన్నే ఆ మేడకీ నడుస్తోంది, ఏడాదికి నాలుగు రూపాయలు. మా పెంకుటిల్లు రెండు గదులు. మా నాన్న నాకు పసుపుకుంకాల కింద రాసిచ్చాడు. దానికి పద్దెనిమిది. మేడ ఇంటి పెద్దావిడ ఆ నాలుగు రూపాయలు కూడా కట్టలేదు. "పాపం హీరోగారిని అంత ఏడిపిస్తుంటే మాకు కట్టబుద్ధి కావట్లేదమ్మా" అని కళ్ళొత్తుకున్నారు. ఆవిడ సినిమాకి వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు.

నేను పెరుగమ్మి దాచుకున్న డబ్బుల్లోంచి పద్దెనిమిది రూపాయలు తీసి మా ఆయన చేతిలో పెట్టాను. ముందు మన ఇంటిది కట్టి, ఆ తర్వాత ఊరివాళ్ళ గుమ్మాలెక్కండి, మాట్లాడటానికి ముఖం ఉంటుంది అన్నాను. బుద్ధిగా తలూపారు. ఆ శుక్రవారమే నెమలి ఊరు వెళ్ళి వేణుగోపాలస్వామిని చూసొస్తానన్నారు. ఉద్యోగం కోసం మొక్కుకుంటున్నారు కాబోలని నేనే కొబ్బరికాయ ఇచ్చి బస్సెక్కించాను. తిరిగొచ్చాక మనిషి కాస్త తేటపడ్డారు. స్వామి చల్లగా చూశాడని నేనూ సంతోషించాను.

మార్చి వచ్చింది. స్వామి చూపు పన్నుల మీద పడిన జాడలేదు. నేను సామాను మూటలు కట్టడం ఎక్కడ మొదలుపెట్టాలా అని చూసుకుంటున్నాను. అప్పుడు దిగింది హీరోగారి కొత్త సినిమా. మా ఆయన ఎప్పట్లా ముందు కాకుండా, తుండుగుడ్డ తలకి చుట్టుకుని దొంగలా వెనక బెంచీలో కూర్చున్నారు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. సినిమాలో హీరోగారిది ఏం వేషమనుకున్నారు? నిజాయితీగల టాక్సు ఆఫీసరు! నల్లధనం దాచిన షావుకార్ల ఇళ్ళ మీద పడి, పరుపులు చీల్చి, గోడలు పగలగొట్టి, దొరికినవాణ్ణి దొరికినట్టు తన్నాడు. ఆఖర్లో విలన్ మెడ పట్టుకుని, ప్రభుత్వానికి కట్టాల్సింది కట్టనివాడు కన్నతల్లి కంచంలో కూడు లాక్కున్నవాడే అన్నాడు. హాలు దద్దరిల్లింది. పన్ను కట్టని మా ఊరివాళ్ళంతా లేచి నిలబడి ఈలలు వేశారు. తెర మీదికి గుప్పిళ్ళతో చిల్లర విసిరారు. మా ఆయన ఇంటికెళ్ళి అడిగితే లేవన్న చిల్లర అది. మేడ ఇంటి జీతగాడు కూడా విసిరాడు.

అక్కడే నా బుర్ర వెలిగింది. మర్నాడు మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఊళ్ళో చాటింపు వేయించండి. బాకీ ఉన్న ప్రతి ఇంటి ముందూ డప్పు ఆగాలి, పేరు చదవాలి, హీరోగారి డైలాగు చెప్పాలి. డైలాగు టైలరు చెప్పాలి, ఆ గొంతయితేనే జనం వింటారు. మా ఆయన కొంచెం నీళ్ళు నమిలారు. పేర్లెందుకులే, డైలాగు చాలులే అన్నారు. పేరు లేకపోతే ఎవడికి తగులుతుందండీ అని నేనే ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఒప్పించి వచ్చాను. టైలరు ఎగిరి గంతేశాడు. హీరోగారి మాట ఊరంతా చెప్పే భాగ్యం ఎవరికి దొరుకుతుంది వదినా అన్నాడు.

మార్చి ఆఖరి వారంలో డప్పు బయల్దేరింది. ఏం చెప్పమంటారు! ఆర్నెల్లుగా కదలని డబ్బు పరుగులు పెట్టింది. హీరోగారే కట్టమన్నాక ఇంకేముందని కడుతున్నవాళ్ళు కొందరు, ఆయన చెప్పినందుకే, మీ పంచాయతీ మొహం చూసి కాదని కడుతున్నవాళ్ళు కొందరు. ఆయన తనది కట్టాడో లేదో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. రెండో హీరో అభిమానులు, వాళ్ళకంటే ముందు మేం కడతామని ఆఫీసుకి ఊరేగింపుగా వెళ్ళారు. మా ఆయన్ని మంగలి పిలిచి మరీ క్షవరం చేశాడు.

మిగిలింది మా వీధి. నేను ఉదయమే అరుగు కడిగి, చాటింపువాళ్ళకని చెంబుడు మజ్జిగ కలిపి, అల్లం నిమ్మకాయ వేసి, నిలబడి ఎదురుచూస్తున్నాను. మేడ ఇంటి ముందు పేరు చదివితే ఆవిడ ముఖం ఎలా ఉంటుందో చూడాలని నా ఆశ. అంతా బానే సాగింది. డప్పు చప్పుడు వీధి మొదట్లో వినపడగానే పెద్దావిడ జీతగాడితో నాలుగు రూపాయలు పంపించేశారు. ఛ, అయిపోయిందే అనుకున్నాను. వీధి మొగలో మా ఆయన చాటింపు అతని చెయ్యి పట్టుకుని, ఇటు ఇంక ఎవరూ లేరు, వెనక్కి పదండని లాగుతున్నారు. బాకీల లిస్టు పట్టుకుని వెంట తిరుగుతున్న ఆఫీసు ప్యూను ఒప్పుకోలేదు. ఇంకొకటి ఉందండీ అన్నాడు.

డప్పు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా అని మొదలుపెట్టి, ఇంటిపేరుతో సహా నా పేరు చదివాడు చాటింపు అతను. ఇల్లు నా పేరు మీదే కదా ఉంది. టైలరు కళ్ళు మూసుకుని భక్తిగా కన్నతల్లి కంచంలో కూడు దాకా చెప్పేసి, అప్పుడు కళ్ళు తెరిచి నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నేను మా ఆయన కేసి చూశాను. ఆయన అరుగు అంచున కూలబడ్డారు.

"మొక్కుకున్నానే. హీరోగారు ఈ గండం నుంచి బయటపడాలని. నువ్విచ్చిన డబ్బులు స్వామి హుండీలో వేసేశాను" అన్నారు.

"ఉద్యోగం కోసం కాదూ?"

"అది అడగడం మర్చిపోయాను."

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిందో, నవ్వుతో వచ్చిందో, వీధి మధ్య నిలబడ్డ సిగ్గుతో వచ్చిందో. అప్పటికే జనం మూగారు. లక్షలు దాచిన మనిషికి ఆర్నెల్లు కళ్ళొత్తుకున్నవాళ్ళే నన్ను చూసి బుగ్గలు నొక్కుకున్నారు. వసూలు చేసేవాడి ఇంట్లోనే ఇలాగా అన్నారు. ఇంకెన్నేళ్ళ నుంచి తింటున్నారో అన్నారు. హీరోగారి కోసం న్యాయం చెప్పిన కిరసనాయిలాయన, ఇలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా ఉందన్నాడు. నేను లోపలికి వెళ్ళి పెరుగు డబ్బుల్లో మిగిలినవి గీకి తెచ్చి, అందరి ముందూ మా ఆయన చేతిలో పోశాను. ఆయన నా పేరు మీద రసీదు రాసి చించి ఇచ్చారు.

ఆ సాయంత్రమే ఆఫీసరు పైకి కాగితం రాశాడు. వర్షాలు మొదలయ్యాక పర్మినెంటు ఆర్డరూ వచ్చింది. టైలరు మా ఆయన్ని మళ్ళీ సంఘంలోకి పిలుచుకుపోయాడు. హీరోగారి కేసు ఏమైందో మాత్రం ఆ తర్వాత ఏ పేపర్లోనూ రాలేదు, వచ్చినా మా ఊళ్ళో ఎవరూ చదవలేదు.

చాటింపు వేసిన ఆ రోజు పొద్దుగూకుతుండగా మేడ ఇంటి పెద్దావిడ నన్ను ఓదార్చడానికి వచ్చారు. అరుగు మీద కూర్చుని నా వీపు నిమిరారు.

"ఏంటమ్మా ఇది, పద్దెనిమిది రూపాయల దగ్గరా పేరు పోగొట్టుకునేది? లక్షల్లో అయితే మనిషికి ఒక విలువైనా ఉండేది" అన్నారు.

చాటింపువాళ్ళు తాగకుండా వదిలేసిన మజ్జిగ గ్లాసుడు పోసిచ్చాను. తాగి, ఉప్పు చాల్లేదని చెప్పి వెళ్ళారు.