సంతకం పెట్టని పాఠకులు

నాగాయలంక దాటాక బస్సు ఇంక ముందుకు పోలేని చోట కొత్తరేవు ఉంది. ఆ ఊళ్ళో పాత తుఫాను షెల్టరులో ఒక గది, అందులో నాలుగు బీరువాలు, రెండు బల్లలు, తనకు బుద్ధి పుట్టినప్పుడు తిరిగే ఒక ఫ్యాను. దాన్ని శాఖా గ్రంథాలయం అంటారు. పన్నెండేళ్ళుగా దాన్ని నడుపుతున్నది గంగాదేవి. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళే ఇంట్లోనే పుట్టింది. అవనిగడ్డలో డిగ్రీ చదివి, దూరవిద్యలో లైబ్రరీ కోర్సు చేసి, కాంట్రాక్టు మీద ఈ కుర్చీలో కూర్చుంది. పర్మనెంటు చేస్తామన్న మాట మాత్రం ఏటా కొత్తగా వింటూనే ఉంది.

పొద్దున ఎనిమిదికి తలుపు తీస్తే, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ముగ్గురో నలుగురో వచ్చి, రిజిస్టర్లో సంతకం చేసి కూర్చుంటారు. కానీ అసలు లైబ్రరీ మొదలయ్యేది సాయంత్రం నాలుగింటికి. ఎండుచేపల పని ముగించి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, నలభై మంది దాకా ఆడవాళ్ళు వచ్చి చాపల మీద కూర్చుంటారు. వాళ్ళకు చదువు రాదు. గంగాదేవి పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గట్టిగా చదువుతుంది. ఒక్క ముక్క మింగేసినా పట్టేస్తారు. వాతావరణం రెండుసార్లు చదవాలి, మగవాళ్ళు సముద్రం మీద ఉంటారు కాబట్టి. పేపరు అయ్యాక నవల ఒక ప్రకరణం. నచ్చని మొగుడు పాత్ర వస్తే వాళ్ళు పెట్టే శాపనార్థాలకు ఆమె చదవడం ఆపి నవ్వుకోవాల్సిందే.

ఒకసారి పేపరు అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఒక ప్రకటన వచ్చింది. ఊరి పక్క మట్టిదిబ్బను రొయ్యల చెరువులకు ఇవ్వబోతున్నారనీ, అభ్యంతరాలుంటే నెలలోపు చెప్పాలనీ దాని సారాంశం. వాళ్ళు చేపలు ఎండబెట్టుకునేది ఆ దిబ్బ మీదే. మర్నాడే రెండు ఆటోలు మాట్లాడుకుని మచిలీపట్నం కలెక్టరాఫీసుకు వెళ్ళారు, నోటితో చెప్పాల్సింది చెప్పి వచ్చారు. దిబ్బ మిగిలింది. చదువు రానివాళ్ళకు లైబ్రరీ ఎందుకని అడిగే పెద్దమనుషులు ఆ దిబ్బ మీదికి వెళ్ళి ఒక గంట నిలబడితే బాగుండును.

ఇంత చేసినా గంగాదేవికి ఒక్క పని మాత్రం చేతకాలేదు. ఆ ఆడవాళ్ళ చేత రిజిస్టర్లో వేలిముద్ర వేయించలేకపోయింది. దానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక చెరువుల ఆసామి రోడ్డు అర్జీ అని చెప్పి కాగితాల మీద ఊరందరి వేలిముద్రలు తీసుకున్నాడు. తీరా చూస్తే అది లీజు పత్రం. తూర్పు పక్క నేలంతా అలా పోయింది. అప్పటి నుంచి ఏ పుస్తకం మీదా, ఏ కాగితం మీదా వేలు పెట్టకూడదని ఊళ్ళో కట్టుబాటు. ఇది మీరు వచ్చారని రాసుకోవడానికేనని గంగాదేవి బతిమాలింది, ఎగతాళి చేసింది, రెండు రోజులు అలిగి పేపరు చదవడం కూడా మానేసింది. వాళ్ళు చలించలేదు. వాళ్ళ బదులు తానే నలభై సంతకాలు గీసుకుని ఉంటే అడిగేవాడు లేడు. ఆ దొంగపనికి ఆమెకు చెయ్యి రాలేదు.

ఈ వేసవిలో పై ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. వచ్చింది మధ్యాహ్నం పన్నెండింటికి, లైబ్రరీ మూసి ఉండే వేళ. గంగాదేవి అన్నం కంచం ముందు నుంచి లేచి పరుగెత్తుకొచ్చింది. ఆయన రిజిస్టరు తిరగేసి, ఫోనులో లెక్క కట్టి, రోజుకు సగటున నలుగురు కూడా లేరనీ, దీన్ని నాగాయలంక శాఖలో కలిపేస్తామనీ చెప్పాడు. నాలుగింటిదాకా ఉండి చూడమని ఆమె వేడుకుంది. తనకు ఇంకా రెండు ఊళ్ళు ఉన్నాయన్నాడు.

ఆమె కబురంపితే ఆడవాళ్ళు ఎండలో దిబ్బ మీది నుంచి ఉన్నపళంగా వచ్చేశారు. గది నిండింది, వరండా నిండింది. చేపల వాసనకు ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి గంగాదేవికి ఒళ్ళు మండిపోయింది. ఈ వాసనలోనే పుట్టి పెరిగిన మనిషి ఆమె. అయినా ఉద్యోగం గుర్తొచ్చి, వీళ్ళంతా రోజూ వచ్చేవాళ్ళేనని మర్యాదగానే చెప్పింది.

"వచ్చినవాళ్ళు కాదమ్మా, సంతకం పెట్టినవాళ్ళే లెక్క" అన్నాడాయన.

నివేదిక ముందే టైపు కొట్టి తెచ్చుకున్నాడు. కింద ఊరివాళ్ళవి రెండు సాక్షి సంతకాలు కావాలట. వేలిముద్ర వేయమని ఆ కాగితాన్ని ముందు వరసలో ఉన్న వెంకటరత్నమ్మ వైపు చాపాడు. డెబ్భై ఏళ్ళు దాటిన ఆ ముసలావిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"మా అమ్మాయి చదువుద్ది బాబూ. విన్నాక సూద్దాం" అంది గంగాదేవిని చూపిస్తూ.

గంగాదేవి కాగితం అందుకుని రోజూ పేపరు చదివే గొంతుతోనే చదివింది. ఏడాదిగా ఈ శాఖకు స్థానికులు ఎవరూ రావడం లేదనీ, పాఠకులు లేనందున శాఖ అనవసరమనీ అందులో ఉంది. నలభై మంది నిలబడి ఆ మాట విన్నారు. చదివిన నోరు చేదెక్కిపోయింది ఆమెకు. వెంకటరత్నమ్మ ఆయన్నే చూసి, "మరి మేం ఎవరం బాబూ?" అంది.

ఎవరూ సంతకం పెట్టలేదు. ఆయన కాగితం తీసుకుని జీపు దగ్గరికి వెళ్ళి డ్రైవరు చేతా, తనతో వచ్చిన అటెండరు సాల్మన్ రాజు చేతా పెట్టించుకున్నాడు. ఆ ఇద్దరూ కొత్తరేవును అంతకుముందు ఎన్నడూ చూసినవాళ్ళు కారు. పన్నెండేళ్ళుగా వచ్చే నలభై మంది లేనట్టు, అరగంట కిందట జీపు దిగిన ఇద్దరు ఊరివాళ్ళైనట్టు రాసుకుని పోయారు. దీన్ని తనిఖీ అనడానికి సిగ్గుండాలి.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దానితోపాటు అప్పగింత పత్రం పట్టుకుని సాల్మన్ రాజు బస్సు దిగాడు. పాఠకులు లేని కారణంగా పుస్తకాలు, బీరువాలు, తాళం అప్పగిస్తున్నానని గంగాదేవి సంతకం చేయాలి. చేస్తే నాగాయలంకలో ఉద్యోగం ఉంటుంది, చేయకపోతే ఉండదని చెప్పి పంపారట. అప్పటికి సాయంత్రం నాలుగున్నర. చాపలు నిండి ఉన్నాయి. ఆమె పేపరు మడిచి ఆ పత్రాన్ని మొదట మనసులో చదువుకుంది. తర్వాత అందరికీ వినబడేలా చదివింది. సాల్మన్ రాజు తల దించుకున్నాడు. మంచివాడే పాపం, తనదేమీ లేదనీ, పైవాళ్ళు పంపితే వచ్చాననీ, ఒక్క సంతకం పెడితే తన పని అయిపోతుందనీ మెల్లగా నచ్చజెప్పాడు.

గంగాదేవి పెన్ను మూత పెట్టేసింది.

"వీళ్ళ ముందు కూర్చుని వీళ్ళు లేరని నేను సంతకం పెట్టనండీ. ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమనండి."

పత్రం అతని చేతికే ఇచ్చి, పేపరు విప్పి, ఎక్కడ ఆపానని అడిగింది. వాతావరణం దగ్గరని నలుగురైదుగురు ఒకేసారి చెప్పారు.