వేడి తగలనీకు

నర్సీపట్నం పళ్ళ క్లినిక్‌లో పదిహేడేళ్ళుగా పనిచేస్తున్న సీతాలుకు జీతం ఇచ్చేది ట్రేలు కడిగినందుకూ, రోగుల నోట్లో ఉమ్మి లాగే గొట్టం పట్టుకున్నందుకూ. ఆమెకు పేరు వచ్చింది మాత్రం మాటల వల్ల. ఇప్పటి డాక్టరు వీరేంద్ర కుర్రవాడు, పనిమంతుడు. నోట్లో అద్దం పెట్టి చూసి, మాస్కు వెనకనుంచి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అనేసి పక్క కుర్చీకి వెళ్ళిపోతాడు. “సీతాలు గారూ, మీరు చెప్పండి” అంటాడు. కొండల మీంచి బస్సు దిగినవాళ్ళకీ, చెరుకు తోటల్లోంచి వచ్చినవాళ్ళకీ ఆ ముక్కల్ని మెత్తగా చేసి అందించడం ఆమె పని.

మొదట్లో అంత మెత్తదనం లేదు. ఒకసారి కొయ్యూరు వైపు నుంచి వచ్చిన మంగ అనే ఆవిడకి, నోట్లో పుండు క్యాన్సరు కావచ్చని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మంగ కుర్చీ దిగి, చెప్పులు దాని కిందే వదిలేసి నడిచిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ చెప్పులు మూడు నెలలు క్లినిక్ మూలన ఉన్నాయి. తరువాత తెలిసిన కబురు మంచిది కాదు. అప్పటినుంచి సీతాలు భయపెట్టే మాటలు మింగేయడం నేర్చుకుంది.

సోమలమ్మ మొదటిసారి వచ్చింది పోయిన ఏడాది. జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. పిక్కల జిడ్డుకి వేళ్ళు నల్లబడిపోయాయి. కోడలు సాయిలక్ష్మి వెంటబెట్టుకొచ్చింది, పన్ను కదులుతోందని.

పొగాకుతో మనిషి పడని అవస్థ లేదు. ఒకచోట నీళ్ళలోంచి పీలుస్తారు, ఒకచోట బుగ్గన పెట్టుకుంటారు, ఒకచోట ముక్కులోకి ఎక్కిస్తారు. పుస్తకాలు తిరగేస్తే ఎన్ని దేశాలో అన్ని రకాలు. కానీ చుట్టని నిప్పున్న కొసే నోట్లో పెట్టుకుని పెదాలు మూసుకునేవాళ్ళు ప్రపంచంలో కొద్దిచోట్లే కనిపిస్తారు. ఈ తీరంలో ఆడవాళ్ళు అలా తాగుతారు, దాన్ని అడ్డపొగ అంటారు. బూడిద రాలదు, గాలికి ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. సోమలమ్మ పెళ్ళయిన ఏడాది అత్తగారి దగ్గర నేర్చుకుంది.

వీరేంద్ర చూసి, సీతాలుతో ఇంగ్లీషులో అన్నాడు. “అంగిలి మీద తెల్ల మచ్చ, మధ్యలో ఎర్రగా ఉంది. చుట్ట ఇవాళే ఆపేయాలి. విశాఖలో చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఆలస్యం చేస్తే క్యాన్సరు దాకా పోవచ్చు. సీతాలు గారూ, చెప్పండి.”

సీతాలు సోమలమ్మ కాళ్ళకేసి చూసింది. ఆమె వేళ్ళు అప్పుడే చెప్పుల కోసం తడుముకుంటున్నాయి.

“అత్తా,” అంది సీతాలు, వరస కలిపి. “అంగిలి కొంచెం కమిలింది. వేడి తగలనీకు. కుదిరినప్పుడు విశాఖలో ఓపాలి చూపించుకో.”

“ఏడి తగలకూడదు. అంతేనా?”

“అంతే.”

“ఈ ముక్క కోసం ఇంత కుర్చీ ఎక్కించినావేటే, అమ్మీ.”

నోట్లో నిప్పు పెట్టుకునే మనిషికి ఏ వేడో విడమర్చి చెప్పాలా అనుకుంది సీతాలు. డాక్టరు చెప్పమన్న జాగ్రత్తలన్నీ రోగికి చెప్పినట్టు ఒక కాగితం ఉంటుంది. సోమలమ్మ దాని మీద వేలిముద్ర వేసింది. కింద సీతాలు సంతకం పెట్టింది.

ఏడాది తరువాత సోమలమ్మ సగానికి సగం చిక్కిపోయి వచ్చింది. అంగిలికి చిల్లు పడింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. వీరేంద్ర చాలాసేపు చూసి మాస్కు కిందికి లాక్కున్నాడు.

“చుట్ట ఆపమని చెప్పాం కదమ్మా?”

“ఎవరు సెప్పినారండీ?” అంది సాయిలక్ష్మి. “నేను ఇక్కడే ఉన్నాను గదా.”

అతను ఫైల్లోంచి కాగితం తీసి వేలిముద్ర చూపించాడు. సాయిలక్ష్మి అత్త వైపు తిరిగింది. మాట్లాడింది సోమలమ్మే.

“సీతాలు సెప్పింది బాబూ. ఏడి తగలనీవద్దంది. ఆ రోజునుంచీ టీ ముట్టుకోనేదు. పనికాడ అందరూ టీ తాగుతుంటే గోడేపు తిరిగి కూకున్నాను. అన్నంలోకి సారు కూడా సల్లార్సుకునే పోసుకున్నాను.”

“మరి చుట్ట?”

“అదేటి ఏడి బాబూ? నలబయ్యేళ్ళయ్యింది, సురుక్కు కూడా తెలీదు. పన్ను సలుపుకి అదే మందు. టీ లేదు గదాని ఇంకో రెండు ఎక్కువే కాల్సినాను.”

వీరేంద్ర సీతాలు వైపు తిరిగాడు. ఏదో అనబోయి, చేతిలో కాగితం చూసుకుని, దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టేశాడు. రేపెవరైనా నిలదీస్తే ఆ కాగితం అతనికీ అవసరమే. “ఇప్పుడైనా సరిగ్గా చెప్పండి” అని పక్క కుర్చీకి వెళ్ళాడు.

సీతాలు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“అత్తా, ఇది క్యాన్సరులాగే ఉంది. చుట్ట వల్ల వచ్చింది. నేను వేడన్నది ఆ నిప్పునే. రేపు పొద్దున్నే విశాఖ వెళ్ళాలి.”

“నీకు అప్పుడే తెల్సా?”

“తెలుసు.”

“మరి సెప్పలేదేటే?”

“భయపడి పారిపోతావని.”

సోమలమ్మ తన మోకాళ్ళకేసి చూసుకుంది. “వీటితోటి ఎక్కడికి పారిపోతానే?” మళ్ళీ తనే అడిగింది. “అయితే టీకి ఏ దోసమూ లేదా?”

“లేదు.”

“ఏడాది మానీసినాను” అంది సోమలమ్మ. “ఓ గలాసు తెప్పించు.”

సీతాలే వెళ్ళి తెచ్చింది. సోమలమ్మ మొదటి గుక్క తాగగానే టీ ముక్కులోంచి జాకెట్టు మీదికి కారింది. రెండో గుక్క పట్టలేదు. సాయిలక్ష్మి గ్లాసు పక్కన పెట్టి, కొంగుతో అత్త మూతి తుడిచి, చెప్పులు కాళ్ళకి తొడిగింది.

పక్క కుర్చీలో బలిఘట్టం నుంచి వచ్చిన ఒక ముసలావిడ నోరు తెరుచుకుని ఉంది. వీరేంద్ర అద్దం తీసి, అలవాటుగా, “సీతాలు గారూ, మీరు చెప్పండి” అన్నాడు.

గుమ్మం దాకా వెళ్ళిన సాయిలక్ష్మి ఆగి వెనక్కి తిరిగింది.

“పెద్దమ్మా,” అంది ఆ ముసలావిడతో, “ఈవిడ సెప్పింది నమ్మీకు. డాక్టరు బాబునే అడుగు.”

ముసలావిడ నోరు అలాగే తెరుచుకుని, సీతాలుని దాటి డాక్టరు వైపు చూసింది.