బూరుల్ అక్క కొల్లెట్లూ, లగ్మాన్ పిండి అచ్చూ

బిష్కెక్ ఇనుప సంతలో బూరుల్ అక్క కొట్టు నా కొట్టు పక్కనే. నేను బేరింగులు అమ్ముతాను. ఆవిడ కొల్లెట్లు తప్ప ఇంకేమీ అమ్మదు. కొల్లెట్ అంటే మిల్లింగ్ మెషిన్‌లో కట్టర్‌నో, లేత్‌లో కమ్మీనో బిగించి పట్టుకునే చీలికల గొట్టం. అరచేతిలో ఇమిడేంత వస్తువే గానీ దాని తిక్క అంతా ఇంతా కాదు. ఏ మెషిన్ కొల్లెట్ ఆ మెషిన్‌కే. జర్మన్ మెషిన్‌ది ఒక వాలు, చెక్ మెషిన్‌ది ఇంకో వాలు, మన సోవియట్ మెషిన్‌ది మరొకటి. ఒకదాని బదులు ఇంకోటి పెడితే పట్టుకున్నట్టే ఉంటుంది, పని మధ్యలో వదిలేస్తుంది. మా ఊళ్ళో ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డప్పుడు వాటి డబ్బాల్లోని కొల్లెట్లన్నీ కలగాపులగమై ఈ సంతకు చేరాయి. పేరూ ఊరూ లేని ఆ కుప్పలో ఏది దేనిదో చెప్పాలంటే బూరుల్ అక్కే చెప్పాలి.

ఆవిడ ఫ్యాక్టరీలో పనిముట్ల గది చూసేది. పనివాడు కిటికీలోంచి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే, అది మేకుకు తగిలించి పనిముట్టు ఇచ్చేది. ఒకసారి ఒక కుర్ర టర్నర్ స్నేహితుడి బిళ్ళ పట్టుకొస్తే ముఖం మీదే కిటికీ మూసేసింది. ఆ కుర్రాడు మర్నాడు సొంత బిళ్ళతో వచ్చాడు, ఆ మర్నాడు ఆపిల్ పళ్ళతో వచ్చాడు. ఇప్పుడు అక్క మొగుడై, ఇంట్లో టమాటా మొక్కలు పెంచుకుంటూ, అక్క గొంతు వినబడితే చాలు టీవీ కట్టేస్తాడు.

కొల్లెట్ చేతికివ్వగానే అక్క ముందు గుడ్డతో తుడుస్తుంది. మరలు బయట ఉన్నాయా, లోపల ఉన్నాయా చూస్తుంది. చీలికలు ఒక కొస నుంచేనా, రెండు కొసల నుంచీనా చూస్తుంది. తర్వాత గాజు పలక మీద దొర్లిస్తుంది. వాలుగా ఉన్నది కాబట్టి తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. వాలు ఎక్కువైతే చిన్న చుట్టు, తక్కువైతే పెద్ద చుట్టు. ఆ చుట్టు చూసి సగం సంగతి చెప్పేస్తుంది. మిగతా సగం తేలేదాకా అమ్మదు. ఆ పట్టుదల వల్ల పోయిన గిరాకీలు చూసి నాకు ఒళ్ళు మండేది.

చలికాలంలో ఒకరోజు కొచ్కోర్ వైపు నుంచి కెంజెబెక్ అనే మనిషి వచ్చాడు. ఒక చెయ్యి కోటు జేబులోనే పెట్టుకుని, రెండో చేత్తో క్యారేజీ డబ్బా బల్ల మీద పెట్టి మూత తీశాడు. లోపల తెల్లటి పిండి ముద్ద, మొద్దు క్యారెట్ ఆకారంలో.

"ఏంటయ్యా ఇది? మాంసం కూడా తెచ్చావా, సంసాలు చేసుకుందాం?" అన్నాను.

"నువ్వూరుకో ఒస్మోన్. చెప్పు తమ్ముడూ," అంది అక్క.

"మా మిల్లింగ్ మెషిన్ నోట్లో పిండి కూరి తీసిన అచ్చక్కా. దానికి సరైన కొల్లెట్ లేదు. నేను అసలు వెల్డర్ని. ట్రాక్టర్ల రిపేరు కేంద్రం ఎత్తేసినప్పుడు జీతాల బదులు తలా ఒక వస్తువు పంచారు, నా వంతుకి ఇది వచ్చింది. చుట్టుపక్కల గడ్డి కోసే యంత్రాలకి పళ్ళ చక్రాలు చేసిచ్చేవాణ్ణి. దొరికితే ఈరోజే దొరకాలక్కా. రేపు తుక్కు బండి వస్తోంది. కొల్లెట్ తెస్తే మెషిన్ ఉంచుదాం, లేకపోతే తుక్కుకి వేసేద్దామని మా ఆవిడా నేనూ మాటనుకున్నాం."

అక్క ఆ అచ్చును ఎన్ని విధాల కొలిచిందో! ఆ కొలతకి దగ్గరున్న డబ్బాలన్నీ బల్ల మీద బోర్లించింది. ఒకటి సన్నం, ఒకటి పొట్టి. పిండి చెప్పే కొలత ఏ దేశపు మెషిన్‌కూ సరిపోవడం లేదు.

"ఇదిగో, దీనికి దగ్గరగానే ఉంది. ఇచ్చి పంపరాదా?" అన్నాను నేను. "కాస్త వదులైతే రేకు చుట్టుకుంటాడు."

కెంజెబెక్ జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్ళు లేవు. "రేకు చుట్టే పోగొట్టుకున్నా అన్నా," అన్నాడు.

నా నోరు పడిపోను! టీ పోసిచ్చి పక్కకి జరిగాను. అతను డబ్బా మూత పెట్టుకుని లేచాడు. అక్క మాత్రం ఆ పిండిలోంచి చిటికెడు గిల్లి, లాగి, వదిలింది. అది మళ్ళీ ముడుచుకుంది.

"ఈ పిండి కలిపిందెవరు?"

"మా ఆవిడ ఐనాగుల్. అచ్చు కోసమని చెప్పే అడిగాను."

"ఫోన్ కలుపు."

అక్కకు వినికిడి తక్కువ కాబట్టి స్పీకర్ పెట్టాడు.

"అమ్మాయ్, నేను కొల్లెట్ల బూరుల్ అక్కని. నీ మొగుడు నా కొట్లో ఉన్నాడు."

"అయ్యో, ఏం చేశాడక్కా?"

"అతనేం చెయ్యలేదు. చేసింది నువ్వు. ఇది లగ్మాన్ నూడుల్స్ లాగే పిండి. నూనె రాసి నానబెట్టినది. బయటికి లాగగానే ముడుచుకుని లావెక్కుతుంది, అచ్చు నిలవదు. రోజూ లగ్మాన్ లాగేదానివి, నీకు తెలీదా?"

"తెలుసు. తెలిసే ఇచ్చా. కొట్టంలో ఆ దయ్యం ఉంటే ఆవుకి చోటు లేదు, ఈనే రోజులు."

"ఆవు సంగతి అటుంచు."

"ఆయన వేళ్ళు గుడ్డలో చుట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది నేనక్కా. మళ్ళీ ఆ పని చెయ్యలేను."

కెంజెబెక్ లేచినవాడల్లా మళ్ళీ కూలబడ్డాడు. అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"సరేనమ్మా. నువ్వు వద్దంటే నేను అమ్మను, ఒట్టి చేతుల్తో పంపేస్తా. ఏమయ్యా, మెషిన్ పోతే ఏం చేస్తావు?"

అతను ఫోన్ వైపు వంగాడు. "నీ దగ్గర అబద్ధమెందుకు ఐనా. పక్కూళ్ళో ఎవరి మెషిన్ దగ్గరైనా చేరతా. మానలేను."

"విన్నావుగా," అంది అక్క. "అక్కడ వాళ్ళు ఏ కొల్లెట్ ఇస్తే దాంతోనే చేస్తాడు. వేళ్ళు తీసింది తప్పు కొల్లెట్ తల్లీ. సరైనది ఏదో తేల్చాలంటే నువ్వు కొట్టంలోకి వెళ్ళాలి. ఆలోచించుకో, తొందర లేదు."

కోళ్ళ అరుపు వినబడింది. ఆ తర్వాత, "ఉండండి, బూట్లేసుకుంటా," అంది ఐనాగుల్.

"పాత కాలపు కొపెక్కు నాణేలున్నాయా ఇంట్లో?"

"పిల్లలు ఆడుకునే డబ్బాలో ఉన్నాయి."

"మూడు కొపెక్కుల బిళ్ళా, ఐదుదీ తీసుకో. గరిటె కాడకి పిండి అంటించి దానికి బిళ్ళ అతికించి, మెషిన్ నోట్లోకి తిన్నగా నెట్టు."

"ఏ పిండక్కా ఈసారి?"

"ఇప్పుడడుగు! ఏదైనా ఫర్వాలేదులే."

మేమంతా నవ్వాం, ఐనాగుల్ కూడా నవ్వింది. ఆ బిళ్ళల వెడల్పు ఫ్యాక్టరీ మనుషులందరికీ కంఠతా వచ్చు. కొలబద్ద లేనిచోట వాటితోనే కానిచ్చేవాళ్ళం.

"ఐదుది పట్టట్లేదక్కా. గుమ్మంలోనే ఆగింది."

"మూడుది?"

"వెళ్తోంది... వెళ్తోంది... ఆగింది. నా వేలు రెండో కణుపంత లోతు వెళ్ళింది."

అక్క అప్పటికే అడుగు డబ్బా లాగుతోంది. అందులోంచి తీసిన కొల్లెట్ పిండి చెప్పినదానికంటే ఒక సైజు చిన్నది. కొల్లెట్‌ని అవతలి వైపు నుంచి లాగి పట్టే మెషిన్ బోల్టు కెంజెబెక్ సంచిలో తెచ్చాడు; ఆ పొడుగాటి బోల్టు దాని మరల్లో వేస్తే చివరంటా తిరిగింది. అక్క దగ్గర ఆ సైజు కొలత గొట్టం ఉంది. కొల్లెట్‌కి పల్చగా నీలం రంగు పూసి, గొట్టంలో పెట్టి, తిప్పి తీసింది. రంగు చుట్టూ సమంగా చెదిరింది, అంటే అన్ని వైపులా ఆనుతోందన్నమాట.

"ఇదే," అంది. కాగితంలో చుట్టింది. "ఇంటికెళ్ళి ఐనాగుల్ చేతికివ్వు. ఆవిడ పెడుతుంది, బోల్టు నువ్వు బిగించు. కట్టర్ పెట్టాక ఆవిడే పట్టుకుని ఊపుతుంది. ఏమాత్రం కదిలినా బండికి ఎక్కించెయ్."

మర్నాడంతా అక్క ఒక్క కొల్లెట్ కూడా సరిగ్గా దొర్లించలేదు. ఫోన్ గాజు పలక పక్కనే పెట్టుకుంది. సంత సర్దుకునే వేళకి మోగింది. అవతల ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు, దాని మీద ఐనాగుల్ గొంతు.

"బండి వచ్చిందక్కా."

"మరి?"

"గేటు దగ్గరే ఆపా. ఇక్కడ తుక్కేమీ లేదు, మా ఆయన పనిలో ఉన్నాడు, పొమ్మన్నా."

అక్క కళ్ళు తుడుచుకుంది. "భయం పోయిందా మరి?"

"ఎక్కడక్కా! పాలు పితికే పీట తెచ్చుకుని ఆయన పక్కనే కూచున్నా."