పట్టు విడిచిన కణాలు

కెనడాలోని విన్నిపెగ్ నగరంలో, ఒక పరిశోధనశాలలో డార్లీన్ ప్రిస్టుపా ఇరవై ఆరేళ్లుగా రొమ్ము కేన్సర్ కణాలను పెంచుతోంది. మోకాలి లోతు మంచు పడినా, పండగైనా వెళ్లి వాటి ఆహారద్రవం మార్చి వచ్చేది.

"నీ కణాలకున్న యోగం బావకి లేదే అక్కా!" అని చెల్లెలు లోర్నా ఏడిపించేది.

ఆ లోర్నాకే రొమ్ములో గడ్డ తేలింది. కోసి తీశారు. రెండేళ్లకు జబ్బు వెన్నెముకలో కనిపించింది.

ఆ శీతాకాలమే ఒక కొత్త మందు పరీక్షకు వచ్చింది. కణాల ఒంటిమీది ప్రొటీన్లు పక్క కణాల ప్రొటీన్లను చేతులు పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. ఆ పట్టు దొరికితే లోపలికి పెరగమని కబురు వెళ్తుంది. మందు ఆ పట్టును విడదీస్తుంది. నాలుగో రోజున డార్లీన్ లెక్కపెడితే కణాలు పెరగలేదు. మళ్లీ లెక్కపెట్టింది. పెరగలేదు. ఇక మనసు ఆగలేదు. సాయంత్రం ఆలుగడ్డ కూరి ఉడికించిన పెరోగీలు పట్టుకెళ్లి చెల్లెలికి చెప్పేసింది.

లోర్నా తినడం ఆపింది. "నాకెప్పుడిస్తారే?"

"ఇప్పటికి గాజు గిన్నెలో కణాల మీదే చూశామే. ఇంకా ఎలుకలకివ్వాలి, తర్వాత మనుషులు... ఏళ్లు పడుతుంది."

"అయితే ఆ ఎలుకల్లో నా పేరు కూడా రాయించు!" లోర్నా నవ్వబోయి, నడుము కలుక్కుమని గోడ పట్టుకుంది.

ఆనాటి నుంచి రోజూ ఫోను చేసి, "నీ కణాలు ఏమంటున్నాయే?" అని అడిగేది.

మూడో వారం కదలిక పరీక్ష పెట్టారు. గిన్నె అడుగున పరుచుకున్న కణాల మధ్య సన్నగా గీత గీకి, అవి అందులోకి పాకుతాయేమో చూడాలి. మందు పడనివి గుంపుగా అంచునే ఉన్నాయి. మందు పడ్డవి మాత్రం ఒకదాన్నొకటి వదిలేసి, ఒక్కొక్కటే గీతంతా పాకిపోయాయి. వాటిని పెంచిన పట్టే, కదలకుండా ఆపింది కూడా.

"ఇంకోసారి చేద్దామండీ," అన్నాడు పరిశోధన నడిపే డాక్టర్ ఫెన్విక్.

"మూడుసార్లు చేశాను డాక్టర్."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. నెల తిరిగేసరికి మందిచ్చిన ఎలుకల ఊపిరితిత్తులూ అదే చెప్పాయి: జబ్బు వాటికీ పాకింది.

డార్లీన్ చెల్లెలి ఇంటికి వెళ్లేసరికి లోర్నా మంచంలో ఉంది.

"ఫోనెత్తడం మానేశావు. అప్పుడే తెలిసిందిలే."

"నోరు మూసుకుని ఉండాల్సింది నేను. అనవసరంగా ఆశ పెట్టాను."

"మూడు వారాలు బాగానే గడిచాయిలే. ఇంకెప్పుడూ పెట్టకు," అని లోర్నా గోడవైపు తిరిగి పడుకుంది.

మార్చిలో పోయింది.

అయిదో రోజున డార్లీన్ పనిలోకి వచ్చింది. ఫెన్విక్ మరో మందు గురించి చెబుతున్నాడు. అంతా విన్నాక ఆమె ఒక్కటే అడిగింది: "ఈసారి కదలిక పరీక్ష ముందు పెట్టండి డాక్టర్."

అలాగే పెట్టారు. ఆ మందూ పనిచెయ్యలేదు.